సత్యనారాయణమూర్తి గారి వైఖరి

ఏప్రిల్ 2, మంగళవారం

బాబాయికి ఎంపీ టికెట్ వచ్చింది.

బాబాయి అంటే నాన్నకు పెదనాన్న కొడుకు, సత్యనారాయణమూర్తి. మా ముత్తాతలు గోదావరి వైపు నుంచి నిజాంసాగర్ కాలువ కిందికి వచ్చి పొలాలు కొనుక్కున్నారు. ఇన్ని తరాలైనా అక్కడ మమ్మల్ని సెటిలర్లనే అంటారు. బాబాయి రైస్ మిల్లు నుంచి మార్కెట్ కమిటీకి, మార్కెట్ కమిటీ నుంచి పార్టీ ఆఫీసుకు ఎదిగాడు. ఇప్పుడు ఏకంగా ఢిల్లీకట.

పొద్దున్నే ఫోన్ చేశాడు. భావనా, నువ్వు కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పావు కదమ్మా, దేశ సమస్యల మీద నా పాలసీలు కాస్త రాసిపెట్టు అన్నాడు. నీ పాలసీలు నాకెలా తెలుస్తాయి బాబాయ్ అన్నాను. నువ్వు రాస్తే నాకూ తెలుస్తాయి కదా అన్నాడు.

నవ్వొచ్చింది. ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను? మా ఆయన గురు ఆఫీసుకు, మా అమ్మాయి ధాత్రి స్కూలుకు వెళ్ళాక దోహా పక్కన అల్ వుకైర్‌లో ఈ విల్లాలో నాతో మాట్లాడేది వాషింగ్ మెషీన్ ఒక్కటే. అదీ చివర్లో బీప్ అని ఊరుకుంటుంది.

ఏప్రిల్ 5, శుక్రవారం

మూడు రోజులుగా దేశాన్ని బాగుచేస్తున్నాను. కూర మాడింది.

మద్దతు ధరకు చట్టం చేయాలని రాశాను. బాబాయి విని, రెండు కాపీలు కావాలన్నాడు. రైతుల దగ్గర చట్టం అని చదువుతాడట, మిల్లర్ల దగ్గర పరిశీలన అని. జమిలి ఎన్నికల మీద పార్టీ ఏమంటే అదే రాయి, కానీ పార్టీ అన్నదే రాసినట్టు ఉండకూడదు అన్నాడు. సరిహద్దుల సంగతి గట్టిగా ఉండాలన్నాడు. ఏ విషయంలో గట్టిగా అని అడిగితే అన్నిట్లోనూ అన్నాడు. పౌరసత్వ చట్టం పేజీ మాత్రం ఖాళీగా వదిలేయమన్నాడు. దాని గురించి ఎవరైనా అడిగితే టీ ఇప్పిస్తాడట.

గల్ఫ్ కార్మికుల పేజీ ఆయన అడగలేదు. నేనే రాశాను. రాస్తుంటే చెయ్యి ఆగలేదు. గురు సైట్ల మీద పనిచేసే జలంధర్ లాంటివాళ్ళను చూస్తున్నాను కదా, ఎవరో ఒకరు రాయాలి. చివర్లో ఇలా రాశాను: గల్ఫ్‌లో నా మనిషి ఒక్కడు పోలీస్ స్టేషన్ మెట్లెక్కినా, గంట తిరిగేలోపు నా ఫోన్ అక్కడ మోగుతుంది.

బాబాయి ఆ వాక్యం రెండుసార్లు చదివించుకున్నాడు. ఇదే నా వైఖరి అన్నాడు. పాఠం చెప్పి క్లాసు బయటికొచ్చినప్పుడు ఉండేదే ఆ సంతోషం, అలాంటిది మళ్ళీ ఇన్నాళ్ళకు కలిగింది. ఒళ్ళు తేలికైంది.

ఏప్రిల్ 8, సోమవారం

రేపు ఉగాది. వేపపువ్వు దొరకలేదు.

బాబాయి ఈద్ సెలవుల్లో ఇక్కడికి వస్తాడట. ఇక్కడి మగవాళ్ళు ఫోన్‌లో చెబితే అక్కడ ఇంటిల్లిపాదీ ఓటేస్తారని ఆయన లెక్క. దుబాయ్ వాళ్ళ మాటకు ఊళ్ళో అంత విలువమ్మా అన్నాడు. మాది దోహా బాబాయ్ అన్నాను. అంతా దుబాయే అన్నాడు. విదేశాంగ విధానం మీద నాతో రెండు పేజీలు రాయించుకున్న మనిషి.

మీటింగ్ మా ఇంట్లో పెట్టమన్నాడు. గురు వద్దంటే వద్దన్నాడు. పర్మిషన్ లేకుండా ఇక్కడ మీటింగులు పెట్టకూడదు, అందులోనూ రాజకీయం, విల్లా లీజు నా పేరు మీద, మన ముగ్గురి వీసాలు నా ఉద్యోగం మీద ఉన్నాయి భావనా అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. అయినా నాకు కోపమొచ్చింది. మీ హైదరాబాద్ చుట్టాలు దిగితే ఎయిర్‌పోర్టుకు పరుగెత్తుతావు, మావాళ్ళు వస్తానంటే రూల్సు గుర్తొస్తాయి అన్నాను. ఇంకా చాలా అన్నాను. మాటలు పడుతూ పడుతూ చివరికి నీ ఇష్టం అన్నాడు.

ఉపాయం బాబాయే చెప్పాడు. వ్రతమని పిలవండి, నా పేరే సత్యనారాయణమూర్తి, ఇందులో అబద్ధమేముంది అని ఒకటే నవ్వు. గురు ఫోన్ తీసుకుని నేనే టైప్ చేశాను. కార్మికుల క్యాంప్ వాళ్ళ నంబర్లు అందులోనే ఉన్నాయి.

శుక్రవారం సాయంత్రం శ్రీ సత్యనారాయణమూర్తి వారు మా ఇంట కొలువుదీరుతున్నారు. అందరూ వచ్చి, వారి పలుకులు విని, ప్రసాదం స్వీకరించగలరు.

పౌర్ణమీ కాదు, ఏకాదశీ కాదు, ఏం వ్రతమిది అన్నాడు గురు. మళ్ళీ ఒకసారి చదివి తనూ నవ్వాడు. ఆ నవ్వు చూశాకే సెండ్ నొక్కాను.

ఏప్రిల్ 13, శనివారం, ఉదయం

ఇల్లంతా చెప్పుల మట్టి. ఊడవబుద్ధి కావడం లేదు. ముందు రాసుకుంటాను.

వుకైర్‌లోని మనవాళ్ళు భార్యాభర్తలుగా కార్లలో వచ్చారు. వాళ్ళకు సంగతి తెలుసు, గుమ్మం దగ్గరే కళ్ళతో నవ్వుకున్నారు. తర్వాత మదీనత్ అల్ షమాల్ క్యాంప్ నుంచి బస్సులు వచ్చాయి. ఒకటి వస్తుందనుకున్నాం, రెండొచ్చాయి. జలంధర్ తీసుకొచ్చాడు. గురు కంపెనీలో స్టీల్ పనికి ఫోర్‌మన్, జగిత్యాల వైపు మనిషి. అందరూ తలస్నానాలు చేసి, ఉతికిన చొక్కాలు వేసుకుని వచ్చారు. బొట్లు పెట్టుకున్నారు. జలంధర్ చేతిలో కొబ్బరికాయల సంచి.

ఆ సంచి చూశాక తెలిసింది. వాళ్ళు నిజంగా వ్రతానికే వచ్చారు.

పంతులు ఇంక రాలేదా మేడం అని అడిగాడు. స్వామి వస్తున్నారు అన్నాను. మూలన పటం పెట్టి దీపం వెలిగించి ఉంచాను కదా, వాళ్ళు వెళ్ళి దాని ముందు వరసగా నేల మీద కూర్చున్నారు. కార్లలో వచ్చినవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. అప్పుడు తెల్ల ఖద్దరులో బాబాయి లోపలికి వచ్చి పటానికి దండం పెట్టి, మైకు తీసుకున్నాడు. ధాత్రి పుట్టినరోజుకు కొన్న మైకు, గులాబీ రంగుది.

బాగా మాట్లాడాడు. అన్నీ నా మాటలే. మద్దతు ధర, ఉద్యోగాలు, చదువులు, సరిహద్దులు. కాగితం చూస్తూ చదివినా చదివినట్టు లేదు. గల్ఫ్ పేజీ దగ్గరికి వచ్చి ఆ ఆఖరి వాక్యం అన్నప్పుడు కింద కూర్చున్నవాళ్ళలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరో జై అన్నారు. తర్వాత అందరూ అన్నారు. కిటికీలు మూసి ఉన్నా నాకు భయమేసింది, అంతకంటే ఎక్కువ గర్వంగా అనిపించింది. ఆ మాట దాచను.

బాబాయి వెంట వచ్చినవాళ్ళు ఇదంతా వీడియో తీసి అక్కడికక్కడే ఆయన పేజీలో పెట్టేశారు. ఖతార్ గడ్డ మీద మూర్తి గర్జన అని పేరు. గురు చూసి మొహం మాడ్చుకున్నాడు.

అందరూ వెళ్ళేటప్పుడు జలంధర్ వెనకబడ్డాడు. ప్రసాదం పొట్లం చేతిలోనే ఉంది, తినలేదు. మరి కథ ఎప్పుడు సదువుతరు మేడం, పొద్దటి సంది ఉపాసం ఉన్నం అన్నాడు.

ఈసారి చదివిద్దాం అన్నాను. మంచిది మేడం అని బస్సెక్కాడు. కొబ్బరికాయలు పటం ముందు అలాగే ఉన్నాయి.

ఏప్రిల్ 14, ఆదివారం

గురును స్టేషన్‌కు రమ్మన్నారు. రోడ్డుకు అడ్డంగా బస్సులు పెట్టారని వీధిలో ఎవరో ఫిర్యాదు చేశారట. లంచ్‌కు వచ్చేస్తానన్నాడు. పప్పు, దొండకాయ వేపుడు చేశాను.

ఏప్రిల్ 14, సాయంత్రం

రాలేదు. ఫోన్ ఆఫ్.

ఏప్రిల్ 15, సోమవారం

అబ్దుల్ ఖాదర్ భాయ్ వచ్చి వెళ్ళాడు. గురు కంపెనీ మందూబ్, అంటే ఆఫీసు తరఫున సర్కారు పనులన్నీ తిరిగి చేయించే మనిషి. పాతబస్తీ ఆయన, నన్ను బేటీ అంటాడు. ఆయన చెప్పిందంతా రాస్తాను, లేకపోతే నాకు అర్థం కావడం లేదు.

బస్సుల గురించే అడిగారట ముందు. మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చారట. ఇంత మంది ఎందుకొచ్చారంటే పూజ అన్నాడు గురు. ఫోన్ చూపించమన్నారు. చూపించాడు. అందులో మెసేజ్‌ను వాళ్ళ ట్రాన్స్‌లేటర్ అరబ్బీలోకి మార్చి చదివి, సత్యనారాయణమూర్తి ఎవరు అని అడిగాడట.

దేవుడు అన్నాడట గురు.

రాసుకుని సంతకం చేయించుకున్నారు. ఆ తర్వాత వీడియో పెట్టారు. గులాబీ మైకు పట్టుకుని బాబాయి. కింద పేరు, గుర్తు, ఓటెయ్యండి. మీ దేవుడు ఎలక్షన్‌లో నిలబడ్డాడా అని అడిగాడట ఆ ట్రాన్స్‌లేటర్. నవ్వలేదట, మామూలుగానే అడిగాడట.

ఇంతకుముందు ఛోటా మామ్లా బేటీ, ఫైన్‌తో పోయేది, ఇప్పుడు ఝూట్ మీద దస్కత్ పడింది అన్నాడు ఖాదర్ భాయ్. పర్మిషన్ లేని రాజకీయ మీటింగ్ పెట్టాడు, అడిగితే అబద్ధం చెప్పాడు. రెండూ గురు మీదే ఉన్నాయి, అందుకే అక్కడే ఉంచేశారట. మీటింగ్ ఎవరు పెట్టారంటే నేనే అన్నాడట. మెసేజ్ ఎవరు రాశారంటే నేనే. ఆ ప్రసంగం ఎవరు రాశారంటే అదీ నేనే అన్నాడట.

గురు రాశాడట ప్రసంగం. సరుకుల చీటీ రాయమన్నా అంకెలు తప్ప రాయని మనిషి.

నా పేరు ఎక్కడా రానివ్వలేదు.

ఏప్రిల్ 16, మంగళవారం

వాన. స్కూళ్ళు ఆన్‌లైన్ అన్నారు. ధాత్రి నాన్న కుర్చీలో కూర్చుని క్లాసు వింటోంది. నాన్న సైట్ విజిట్‌కు వెళ్ళాడని చెప్పాను. పదకొండేళ్ళ పిల్ల నమ్మినట్టు నటించింది.

ఖాదర్ భాయ్ లాయర్‌ను కనుక్కున్నాడు. దారి ఒకటే ఉందట. మాట్లాడిన మనిషి తన చేత్తో రాసివ్వాలి. నేను అతిథిగా వచ్చాను, నా అంతట నేనే ప్రసంగం చేశాను, ఇంటాయనకు ముందు తెలియదు అని. సంతకం పెట్టి, ఎంబసీ ముద్ర వేయించి పంపితే గురును మందలించి వదిలే వీలుందట.

ఒక్క సంతకం. అంతే కదా.

బాబాయి అప్పటికే ఇండియా చేరాడు, ఫోన్ చేశాను. మొత్తం విన్నాడు. అయ్యో తల్లీ, గురు నా అల్లుడు కాదు, కొడుకు అన్నాడు. ఒక్క గంటలో పంపిస్తున్నా, నువ్వు అన్నం తిను అన్నాడు. తిన్నాను.

ఏప్రిల్ 18, గురువారం

గంట ఇంకా కాలేదు.

ఏప్రిల్ 21, ఆదివారం

నామినేషన్ హడావిడట. అయ్యాక పంపుతాడట. ఈ మాట బాబాయి చెప్పలేదు, ఆయన ఫోన్ ఎత్తిన ఎవరో చెప్పారు. పేజీలో వీడియో కూడా తీసేశారు. గర్జన లేదు.

గురును చూడనిచ్చారు. మధ్యలో గాజు. గడ్డం పెరిగింది, సన్నబడ్డాడు. ధాత్రి మ్యాథ్స్ టెస్టు ఎలా రాసిందని అడిగాడు. బాగానే రాసిందన్నాను, అసలు నేను కనుక్కోనేలేదు. మెసేజ్ నేను రాశానని చెప్పేస్తాను అన్నాను. అప్పటిదాకా మెత్తగా ఉన్నవాడు గాజు మీద వేలితో కొట్టాడు. నోరు తెరిచావంటే నీతో ఇక మాట్లాడను, ధాత్రికి ఒకరైనా ఇంట్లో ఉండాలి అన్నాడు.

పార్కింగ్‌లో కారు స్టార్ట్ చేయలేక కూర్చున్నాను. నేనే కదా పట్టుబట్టింది. నేనే కదా మీ చుట్టాలు, మా చుట్టాలు అని లెక్కలు తీసింది. ఇప్పుడు వాళ్ళంతా ఎవరి ఇళ్ళల్లో వాళ్ళు ఏసీలు వేసుకుని పడుకున్నారు. కార్లలో వచ్చిన జంటల్లో ఒక్కరూ ఫోన్ చేయలేదు. గ్రూపులోంచి మౌనంగా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

ఏప్రిల్ 25, గురువారం

ఇందిరాదేవి పిన్ని చేసింది ఫోన్. బాబాయి భార్య. చిన్నప్పుడు నాకు జడలు వేసిన చెయ్యి, ఆ గొంతు వినగానే ఏడ్చేశాను.

ఏడవనిచ్చింది. ఆ తర్వాత మెల్లగా చెప్పింది. అవతలి పార్టీ వాళ్ళు కాచుక్కూర్చున్నారమ్మా, మీ బాబాయి ఇప్పుడు ఆ కాగితం మీద సంతకం పెడితే పరాయి దేశంలో చట్టం మీరి మనవాళ్ళను జైల్లో వేయించాడని ఊరూరా మైకులు పెడతారు. ఓట్లు పడేదాకా ఓపిక పట్టు. ఆ తర్వాత ఆయన ఎంపీ హోదాలో రాస్తే ఆ సంతకానికి బరువు ఎక్కువుంటుంది కదా అంది.

ఓడిపోతే పిన్నీ అన్నాను.

శుభం పలుకు అంది.

ఏప్రిల్ 29, సోమవారం

జలంధర్‌ను కూడా పిలిచారు. బస్సులు మాట్లాడింది అతనే కదా. బయటికొచ్చి నాకు ఫోన్ చేశాడు.

పరేషాన్ కాకుండ్రి మేడం, నేను నిజమే చెప్పిన అన్నాడు. ఏం చెప్పావు జలంధర్ అంటే, సత్యనారాయణ వ్రతానికే పోయినం, ఉపాసం ఉండి పోయినం, కొబ్బరికాయలు పట్కపోయినం, నడుమల ఎవరో పెద్దమనిషి అచ్చి మాట్లాడిండు, కథ కాలేదు అని చెప్పిన అన్నాడు. ఒట్టు పెట్టి చెప్పమంటే పెట్టిన మేడం, అబద్ధం కాదు గద అన్నాడు.

వాళ్ళు నమ్మారట. అతన్ని పంపించేశారు. కానీ కంపెనీ భయపడింది. కొత్త సైట్‌కు వేసిన పేర్లలోంచి అతని పేరు తీసేశారు. కాంట్రాక్ట్ అయిపోగానే పొమ్మంటున్నరు, ఏముంది మేడం, ఇంటికాడ అమ్మ సాయవ్వ ఒక్కతే ఉన్నది, పోత అన్నాడు. సార్ మంచిగున్నడా అని అడిగాడు.

ఆ మెసేజ్ నేనే రాశాను జలంధర్, నిన్ను మోసం చేశాను అని చెప్పాలి. నోటి దాకా వచ్చింది. బాగున్నాడు అని పెట్టేశాను.

మే 3, శుక్రవారం

విన్నది విన్నట్టు మెల్లగా రాస్తాను.

లోకల్ ఛానల్లో బాబాయి ఇంటర్వ్యూ యూట్యూబ్‌లో చూశాను. ముందు దేశ సమస్యలు. నేను రాసినవన్నీ వరసగా అప్పజెప్పాడు. మద్దతు ధర దగ్గర చట్టం అనాలో పరిశీలన అనాలో ఒక్క క్షణం తడబడి రెండూ అన్నాడు. ఆ తర్వాత యాంకర్ అడిగాడు. మీరు దోహాలో మీటింగ్ పెట్టారనీ, దాని వల్ల ఒక ఇంజినీర్ జైల్లో ఉన్నాడనీ వార్తలొస్తున్నాయి, దీని మీద మీ వైఖరి ఏమిటని.

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దూరపు బంధువుల ఇంట్లో సత్యనారాయణ వ్రతమంటే వెళ్ళాను, తీర్థం పుచ్చుకుని వచ్చాను, నేను వెళ్ళాక వాళ్ళు అక్కడ ఏం చేసుకున్నారో నాకు తెలియదు అన్నాడు. పరాయి దేశానికి వెళ్ళినవాళ్ళు అక్కడి చట్టాన్ని గౌరవించాలి, తప్పు చేసినవాడు నా వాడైనా సరే వెనకేసుకు రాను, ఇదే నా విధానం అన్నాడు.

యాంకర్ బాగా చెప్పారండీ అన్నాడు.

ఆ విధానం నేను రాయలేదు. సొంతంగా తయారుచేసుకున్నది అదొక్కటే.

ధాత్రి నా వెనక నిలబడి చూసేసింది. దూరపు బంధువులంటే మనమేనా అమ్మా అంది.

మే 5, ఆదివారం

బాబాయి దొరికాడు. ప్రచారంలో ఉన్నాడు, డప్పుల మోత. పిన్ని చేసిందనుకుని ఎత్తాడు కాబోలు.

నేను అరవలేదు. కాగితం తీసి చదివాను. గల్ఫ్‌లో నా మనిషి ఒక్కడు పోలీస్ స్టేషన్ మెట్లెక్కినా, గంట తిరిగేలోపు నా ఫోన్ అక్కడ మోగుతుంది. ఇది నీ మాట బాబాయ్, నలుగురి ముందు నువ్వన్న మాట అన్నాను.

డప్పులకు కాస్త ఎడంగా నడిచినట్టున్నాడు, మోత తగ్గింది.

ఆ మాట నాది ఎట్లా అవుతుందమ్మా, రాసింది నువ్వే కదా అన్నాడు. కోపంగా అనలేదు. చిన్నపిల్లకు లెక్క చెప్పినట్టు అన్నాడు. నేను చదివాను అంతే, ఎవరు రాసిస్తే అది చదువుతాం, రేపు పార్టీ వాళ్ళు ఇంకోటి రాసిస్తే అదీ చదువుతా, నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలియనిదా అన్నాడు. ఆ తర్వాత ఎవరితోనో మంచినీళ్ళడిగాడు. ఫోన్ కట్.

మే 6, సోమవారం

రాసింది నువ్వే కదా.

మే 7, మంగళవారం

అన్నం తినలేదు. ధాత్రి నూడుల్స్ చేసుకుని నాకూ ఒక గిన్నెలో పెట్టింది. రెండు ముద్దలు తిన్నాను. ఆ మాట మీదే ఉన్నాను ఇంకా. ఎంత దుర్మార్గంగా అన్నాడో అని నిన్నంతా ఏడ్చాను. ఇవాళ పొద్దున పళ్ళు తోముకుంటుంటే తట్టింది. ఆయన జీవితంలో నాతో నిజం చెప్పింది అదొక్కసారే.

మే 9, గురువారం

ఖాదర్ భాయ్ వచ్చాడు. ఆదివారం ఫైలు స్టేషన్ నుంచి పైకి వెళ్తుందట. అది వెళ్ళాక కోర్టు, శిక్ష, ఆ తర్వాత డిపోర్టేషన్. కంపెనీ కూడా ఆదివారం దాకే చూస్తానంది. గురు ఉద్యోగం పోతే మేమూ పోవాలి, అది పెద్ద సంగతి కాదు. ఆయన లోపల ఉండగా మేము పోవాలి, అదీ సంగతి.

అడిగాను. మెసేజ్ పెట్టింది, ప్రసంగం రాసింది, మనుషుల్ని పిలిచింది ఇంకొకరని ఆ ఇంకొకరే వచ్చి చెబితే ఏమవుతుంది అన్నాను.

ఖాదర్ భాయ్ చాలాసేపు టోపీ సర్దుకున్నాడు. ఆయనకు అర్థమైంది. ఇంటాయనకు తెలియదని నమ్మితే సాబ్‌ను వదలొచ్చు, ఝూట్ దస్కత్‌కు ఫైన్ పడొచ్చు, కానీ ఆ ఇంకొకరిని ఏం చేస్తారో నేను చెప్పలేను బేటీ అన్నాడు. ఆడపిల్ల తల్లివి, సోచ్‌కే బోల్ అన్నాడు.

ఆలోచించే అడిగాను అన్నాను.

మే 11, శనివారం

అక్కడ ప్రచారం ఇవాళ్టితో ఆఖరు. ఫోన్‌లో ఆయన ముఖం వచ్చిన ప్రతిచోటా కిందికి జరిపేస్తున్నాను.

ధాత్రిని ముఐథర్‌లో ఖాదర్ భాయ్ ఇంట్లో దింపి వచ్చాను. ఆయన భార్య షబానా భాభీ ఏమీ అడగలేదు. ధాత్రి బ్యాగ్ తీసుకుని, మా ఇంట్లో వెజ్ గిన్నెలు వేరే పెట్టాను, చూస్కో అంది.

వెళ్ళేటప్పుడు కారులోనే ధాత్రికి చెప్పాను. సైట్ విజిట్ కాదని, నాన్న ఎక్కడున్నాడో, ఎందుకున్నాడో, రేపు నేనెక్కడికి వెళ్తున్నానో, అంతా. ఏడుస్తుందనుకున్నాను. నువ్వు రాసినవి తప్పులా అమ్మా అని అడిగింది. రాసినవి తప్పు కాదు, వాటిని ఒక మనిషి నోట్లో పెట్టి, అవి ఆయనవే అని జనాన్ని నమ్మించడం తప్పు, వ్రతమని పిలవడం ఇంకా తప్పు అన్నాను. మరి నాన్నకు కోపం రాదా అంది. వస్తుంది అన్నాను.

ఇంటికొచ్చి జలంధర్‌కు ఫోన్ చేశాను. చెప్పేశాను. ఉపవాసం ఉండి మీరు వచ్చింది వ్రతానికి కాదు, నేను రాసిన దొంగ పిలుపుకు అని. గట్ల జేస్తరా మేడం అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అని ఉంటే బాగుండేది.

మే 12, ఆదివారం, 10:20

స్టేషన్. ట్రాన్స్‌లేటర్ నా కాగితాలన్నీ ముందు పెట్టుకున్నాడు. మద్దతు ధర రెండు కాపీలతో సహా. కేరళ అబ్బాయి, తెలుగు నిదానంగా కూడబలుక్కుంటూ చదువుతాడు. ఈ మాటలు ఎవరివి అని అడిగాడు. నావి అన్నాను. ఆయన చదివాడు కదా అన్నాడు. చదివాడు, మాటలు నావే అన్నాను. అది రాసుకోవడానికి చాలాసేపు పట్టింది.

గురు చేత ఏవో సంతకాలు చేయించి వెళ్ళమన్నారు. వెళ్ళడం లేదు. ఎదురు బెంచీ మీద కూర్చుని నా వంక కాకుండా గోడ వంక చూస్తున్నాడు.

నన్ను పిలుస్తున్నారు.